అర్హత ఉంది, అప్లై చేశాం, డబ్బు ఎక్కడ ఆగింది?
చదువు, కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చెబుతున్నాయి: అర్హత ఉంది, అప్లై చేశాం, డబ్బు రాలేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో సంక్షేమ హాస్టళ్లలో వార్డెన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఆడపిల్లల స్కాలర్‌షిప్ ఫైళ్లు చంకన పెట్టుకుని ట్రెజరీకీ బ్యాంకుకీ తిరగడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది. నేను చూసినంతలో, అర్హత లేక డబ్బు పోగొట్టుకున్న పిల్లలు తక్కువ. అర్హత ఉండి కూడా, ఎక్కడ ఆగిందో కనుక్కోలేక వదిలేసుకున్న పిల్లలే ఎక్కువ. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఈసారి పథకాల పేర్లు వల్లించడం కంటే, డబ్బు నడిచే దారి మీదే ఎక్కువ రాస్తున్నాను.

*ప్రశ్న: మేడమ్, నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇంటర్ సెకండియర్, చిన్నది ఏడో తరగతి. తల్లికి వందనం డబ్బులు పెద్దదానికి పడినాయి, చిన్నదానికి పడలేదు. సచివాలయంలో అడిగితే "వస్తుందిలేమ్మా" అంటారు. ఇస్కూల్లో అడిగితే సచివాలయానికి పొమ్మంటారు. ఎవరిని అడిగేది?*
— చంద్రగిరి నుంచి ఒక తల్లి

అమ్మా, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. తల్లికి వందనం అంటే చదువుకునే ఒక్కో బిడ్డకూ రాష్ట్ర ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే డబ్బు. ఒక బిడ్డకు పడిందంటే మీ బ్యాంకు ఖాతా బాగుంది, మీ ఆధార్ బాగుంది, ఇంటికి సంబంధించిన లెక్కలన్నీ సరిపోయాయి. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదని, ఇంట్లో నాలుగు చక్రాల బండి ఉండకూడదని పెట్టిన నిబంధనలు ఇంటి మొత్తానికి వర్తిస్తాయి. అక్కడ తేడా ఉంటే ఇద్దరికీ ఆగేది. కాబట్టి చిక్కు చిన్నపాప రికార్డులోనే ఉంది.

అది మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది. ఒకటి, బడి ఆన్‌లైన్ రికార్డులో పాప ఆధార్ నంబరు తప్పు పడడం, లేదా అసలు ఎక్కకపోవడం. రెండు, అదే రికార్డులో తల్లి పేరు దగ్గర మీ ఆధార్ కాకుండా ఇంకొకరిది ఉండడం. అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివిన పిల్లల విషయంలో అమ్మమ్మ నంబరు ఎక్కించినవి నేనే చూశాను. మూడు, హాజరు 75 శాతం కంటే తగ్గడం. ముందు హెడ్‌మాస్టరు గారి దగ్గర కూర్చుని పాప వివరాలు స్క్రీన్ మీద చూపించమనండి. ఆధార్ కార్డులు పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి. తప్పు దిద్దాక సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను కలిసి, పాప పేరు మీద ఫిర్యాదు నమోదు చేయించి నంబరు రాయించుకోండి. "వస్తుందిలేమ్మా" అన్న మాటకు నంబరు ఉండదు, ఫిర్యాదుకు ఉంటుంది. నంబరు చేతిలో ఉంటేనే మళ్లీ వెళ్లి అడగడానికి వీలు.

ఇంకొకటి. ప్రకటించింది రూ.15,000 అయినా తల్లి ఖాతాలో పడేది రూ.13,000. మిగతా రూ.2,000 బడి నిర్వహణకు వెళుతుంది. 2025 జూన్‌లో ఇచ్చినప్పుడే అలా ఇచ్చారు. మీ బ్యాంకు వాళ్లు కోత కోశారని అనుకోకండి, ఆ అనుమానంతో చాలామంది ఉత్తరాలు రాస్తున్నారు.

తిరుపతిలో అద్దె ఇళ్లలో ఉండే తల్లులకు కూడా ఒక మాట. ఇద్దరికీ ఆగి ఉంటే కరెంటు మీటరు సంగతి చూడండి. ఒకే మీటరు మీద మూడు నాలుగు పోర్షన్లు ఉన్నా, ఇంటి ఓనరు మీటరుకు మీ ఆధార్ తగిలించి ఉన్నా, ఆ యూనిట్లన్నీ మీ లెక్కలోకి వస్తాయి. విద్యుత్ శాఖ కార్యాలయంలో అర్జీ పెట్టి మీ ఆధార్‌ను ఆ మీటరు నుంచి తీయించుకోవాలి.

*ప్రశ్న: నేను తిరుపతి దగ్గర ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం. ఎంసెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో వచ్చాను. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు కాబట్టి మీరే కట్టండి, తర్వాత వస్తే తిరిగి ఇస్తాం, లేకుంటే హాల్ టికెట్ ఇవ్వం అంటున్నారు. నాన్న ఆటో నడుపుతారు. వడ్డీకి తెచ్చి కట్టాలా?*

తల్లీ, వడ్డీకి తెచ్చే ముందు చేయాల్సినవి ఉన్నాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు నడిచే దారి ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. కొన్నేళ్లు తల్లి ఖాతాకు వచ్చింది, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతాకు అన్నారు. 2024 తర్వాత మళ్లీ కాలేజీ ఖాతాకే నేరుగా వేసే పద్ధతికి వచ్చారు. అందువల్ల నీ బ్యాంకు మెసేజ్ చూసుకుంటే నీకు ఏమీ తెలియదు. రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ అయిన జ్ఞానభూమి పోర్టల్లో నీ దరఖాస్తు స్థితి చూడు. అక్కడ నీ పేరు అర్హుల్లో ఉండి, బిల్లు విడుదల కావాల్సి ఉందని చూపిస్తే, ఆలస్యం ప్రభుత్వానిది, అప్పు నీది కాదు. అలా కాక నీ వేలిముద్ర నిర్ధారణ పెండింగ్ అనో, హాజరు నమోదు కాలేదనో ఉంటే అది వెంటనే సరిచేసుకోవాల్సిన విషయం. హాజరు ఎక్కించాల్సింది కాలేజీ, వేలిముద్ర వేయాల్సింది నువ్వు. ఏది ఎవరి బాధ్యతో ముందు తేలాలి. ఆ పేజీ ప్రింటు తీసుకో.

నువ్వు ఎస్సీ విద్యార్థినివైతే ఇంకొకటి గమనించాలి. పది తర్వాతి చదువులకు ఇచ్చే ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం. ఆ వాటా నేరుగా విద్యార్థి సొంత ఖాతాలోకి వస్తుంది. అది పడిందో లేదో చూసుకోకుండా, ఇంట్లో ఏదో ఖర్చుకు వాడేసి, తర్వాత కాలేజీ దగ్గర ఇబ్బంది పడిన పిల్లలున్నారు.

ఇక కాలేజీ సంగతి. నోటి మాట మీద డబ్బు కట్టకండి. "ఫలానా విద్యార్థిని ఫీజు ప్రభుత్వం నుంచి రావాల్సి ఉంది, అయినా హాల్ టికెట్ నిలిపేస్తున్నాం" అని కాగితం మీద రాసివ్వమని ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వండి. రాసివ్వరు. కానీ అర్జీ ఒక కాపీ మీద, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకో. అది తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. మీ కాలేజీ అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కూ, రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కూ పంపండి. ఒక్కరుగా వెళ్లవద్దు, మీ క్లాసులో ఇదే ఇబ్బంది ఉన్న వాళ్లంతా కలిసి సంతకాలు పెట్టండి. ఒక్క పిల్ల వెళితే ఆ పిల్ల సమస్య అవుతుంది, ముప్పై మంది వెళితే కాలేజీ సమస్య అవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది, అది కూడా గుర్తుంచుకో.

ఇవన్నీ చేసినా పరీక్ష దగ్గరపడి కట్టక తప్పని పరిస్థితి వస్తే, చదువు ఆపుకోమని నేను చెప్పను. కానీ రసీదు మీద "ట్యూషన్ ఫీజు" అని, ఏ సంవత్సరానిదో రాయించుకుని తీసుకోండి. రసీదు లేని డబ్బు తిరిగి రాదు.

*ప్రశ్న: నగరిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాము. మా పిల్లోడు జడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదువుతా ఉండాడు. అయ్యవారు ఏదో పరీక్ష రాయించమంటా ఉండారు, పాసైతే ఏడాదికి 12 వేలు వస్తాయంట. నిజమేనా? ట్యూషన్ పెట్టేంత శక్తి మాకు లేదు.*

నిజమే అయ్యా. ఆ అయ్యవారికి దండం పెట్టండి. అది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ఎనిమిదిలో పరీక్ష పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నెలకు వెయ్యి లెక్కన ఏడాదికి రూ.12,000. నాలుగేళ్లకు రూ.48,000. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే ఇది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు.

పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు. ఒకటి పాఠాల్లోంచి. రెండోది బుద్ధికి పదును పెట్టే రకం: వరుసలో తర్వాత ఏ అంకె వస్తుంది, ఈ బొమ్మల్లో వేరుగా ఉన్నది ఏది, అద్దంలో చూస్తే గడియారం ఎంత చూపిస్తుంది, ఇలాంటివి. రెండోదానికి ట్యూషన్ అక్కర్లేదు, అలవాటు కావాలి. పాత ప్రశ్నపత్రాలు బడిలో అడిగి తీసుకోండి. రోజూ సాయంత్రం ముప్పావుగంట గడియారం పెట్టుకుని చేయించండి. మీకు జవాబులు తెలియకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చోండి. రెండూ కలిపి 40 శాతం వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు 32. కానీ అర్హులందరికీ రాదు, మెరిట్ వరుసలో ఇస్తారు.

అసలు జాగ్రత్త పరీక్ష పాసయ్యాక మొదలవుతుంది. పాసైన పిల్లలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. హాల్ టికెట్ మీద ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు చివర, బ్యాంకులో అసలు ఇంటిపేరే లేదు, ఇలా ఉంటే పోర్టల్ ఒప్పుకోదు. పరీక్షకు దరఖాస్తు చేసే ముందే ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ ఒకేలా ఉండేట్టు దిద్దించండి. పిల్లవాడి పేరునే బ్యాంకు ఖాతా తెరవండి, మీ ఖాతా ఇవ్వవద్దు.

పదిలో 60 శాతం వస్తేనే ఇంటర్‌లో ఇది కొనసాగుతుంది, అది కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో చేరితేనే. ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తే, పాలిటెక్నిక్‌లో చేర్పిస్తే ఆగిపోతుంది. డబ్బు కోసం పిల్లవాడి దారి మార్చమని నేను అనను. పాలిటెక్నిక్ మంచి చదువు, అది కావాలనుకుంటే వెళ్లనివ్వండి. ముందే తెలిసి నిర్ణయించుకోండి, అంతే.

*ప్రశ్న: ఇంటర్‌లో 960 పైన వచ్చాయి. పలమనేరులో డిగ్రీలో చేరాను. కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్ అప్లై చేయాలా, రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోవాలా? రెండూ రావా?*

రెండూ కలిపి రావు నాయనా. నువ్వు అడిగేది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్‌లో మీ బోర్డు విద్యార్థుల్లో పై 20 శాతంలో ఉన్నవాళ్లకు డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ.12,000, పీజీలో రూ.20,000. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. రాష్ట్రం ఫీజు పథకం తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు.

మీ ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపయితే ముందు రాష్ట్ర పథకం లెక్క చూడు. ఫీజుతో పాటు మెయింటెనెన్స్, అంటే వసతి, భోజనం ఖర్చు కూడా ఉంటుంది. దాన్ని వసతి దీవెన అన్న రోజుల్లో అది ఐటీఐకి రూ.10,000, పాలిటెక్నిక్‌కు రూ.15,000, డిగ్రీకి రూ.20,000గా ఉండేది. రెండున్నర దాటి నాలుగున్నర లోపు ఉన్న ఇళ్లకు, అంటే చిన్న జీతాల ఇళ్లకు, కేంద్రం స్కాలర్‌షిప్పే దారి. ఏ పథకానికీ చెందమని ఆ ఇళ్లవాళ్లు అసలు వెతకడమే మానేస్తారు. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే ఆ స్కాలర్‌షిప్ కొనసాగుతుంది.

*ప్రశ్న: పాకాల మాది. ఐటీఐ ఫిట్టర్ రెండేళ్లు పూర్తయింది. రేణిగుంట వైపు ఒక కంపెనీలో అప్రెంటిస్ అని చేర్చుకున్నారు. చేతికి రూ.11,000 వస్తుంది, పీఎఫ్ పట్టుకుంటున్నారు. నా స్నేహితుడు ఇంకో కంపెనీలో అప్రెంటిస్. వాడికి తక్కువే ఇస్తారు గానీ, ప్రభుత్వం నుంచి నెలనెలా ఖాతాలో డబ్బు పడుతోంది. నాకు ఎందుకు పడదు? నాన్న మాత్రం ఉన్నదాంట్లోనే ఉండమంటున్నారు.*

నాయనా, నీకు పీఎఫ్ పట్టుకుంటున్నారంటే నువ్వు అప్రెంటిస్‌వి కావు. నిన్ను ఉద్యోగిగా చేర్చుకున్నారు, పిలవడం మాత్రమే అప్రెంటిస్ అని పిలుస్తున్నారు.

1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికి కంపెనీతో ఒప్పందపత్రం ఉంటుంది. అది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో నమోదై, దానికొక నంబరు ఉంటుంది. పీఎఫ్ ఉండదు, ఎందుకంటే అక్కడ ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు రూ.7,000, డిప్లొమాకు రూ.8,000, డిగ్రీకి రూ.9,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. కాబట్టి చేరేరోజు ఒప్పందంలో ఎంత రాశారో చూసుకోవాలి. నీ స్నేహితుడికి పడుతున్నది నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీం డబ్బు. స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా రూ.1,500, ప్రభుత్వం భరిస్తుంది. ముందు కంపెనీకి ఇచ్చేవాళ్లు, 2023 నుంచి నేరుగా అప్రెంటిస్ ఖాతాకే వేస్తున్నారు.

ఇప్పుడు నీకు రెండు దారులు. చేతికి వచ్చేది చూస్తే నాన్నగారి మాటలో న్యాయముంది, ఇల్లు గడవాలి. కానీ ఇది నీకు కేవలం నెల డబ్బు లెక్క కాదు. అప్రెంటిస్ పూర్తి చేసి పరీక్ష రాస్తే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఫిట్టర్‌కు దాని విలువ చాలా ఉంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్ వన్ (మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు ఎన్నో ఈ సర్టిఫికెట్ అడుగుతాయి. మన తిరుపతిలోనే సెట్టిపల్లి దగ్గర రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు ఉంది. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో రాతపరీక్ష ఉండదు, పది, ఐటీఐ మార్కులు కలిపి వరుస కడతారు. 24 ఏళ్లు దాటితే తీసుకోరు, బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. ఆర్టీసీ డిపోల్లో ఫిట్టర్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వాళ్లను తీసుకుంటారు, మనవైపు అభ్యర్థుల సర్టిఫికెట్ల పరిశీలన నెల్లూరు జిల్లా కాకుటూరులోని శిక్షణ కళాశాలలో జరుగుతుంది. అప్రెంటిస్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం చట్టంలో లేదు, అది తెలిసే వెళ్లాలి.

నన్ను అడిగితే, ఇప్పటి పని మానకుండానే రైల్వే, ఆర్టీసీ నోటిఫికేషన్లకు అప్లై చెయ్యి. పిలుపు వస్తే ఒక్క ఏడాది తక్కువ డబ్బుతో సర్దుకోగలరా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నీ వయసులో ఆ ఏడాది మళ్లీ దొరకదు, పదకొండు వేల పని మళ్లీ దొరుకుతుంది. ఉన్నచోటే ఉంటే మాత్రం నువ్వు ఉద్యోగివి కాబట్టి ఉద్యోగికి రావాల్సినవన్నీ అడుగు: నియామక పత్రం, జీతం చీటీ, పీఎఫ్ ఖాతాకు సంబంధించిన యూఏఎన్ నంబరు.

*ప్రశ్న: శ్రీసిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరాను, నెలకు 14 వేలు. మొదటి ఉద్యోగానికి కేంద్రం రూ.15,000 ఇస్తుందని, ముఖం స్కాన్ చేయాలని కంపెనీలో చెప్పారు. హాస్టల్లో ఒకాయన రూ.500 ఇస్తే చేసిపెడతానంటున్నాడు. అమ్మ భయపడుతోంది.*

పథకం నిజం, ఆ అయిదు వందలు మాత్రం ఇవ్వకు తల్లీ. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అంటారు. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య మొదటిసారి పీఎఫ్ ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక నెల జీతం, గరిష్ఠంగా రూ.15,000. నీకు రూ.15,000 పూర్తిగా రాకపోవచ్చు, నీ పీఎఫ్ జీతం ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. ఆరు నెలలు పనిలో కొనసాగాక మొదటి విడత. పన్నెండు నెలలు నిండి, పొదుపు గురించిన చిన్న ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేశాక రెండోది. కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో నీ ఫోన్‌లో నువ్వే ముఖం చూపించి యూఏఎన్ తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నీ ఆధార్ ఓటీపీ ఎవరికీ చెప్పకు, ఆ హాస్టల్ ఆయనకు అసలు చెప్పకు.

డబ్బు ఏ ఖాతాకు పడుతుందో ఇప్పుడే చూసుకో. ఇది నీ ఒక్కదానికే కాదు, ఈ శీర్షిక చదివే పిల్లలందరికీ. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకు రాదు. ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక్కో ఆధార్‌కు ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది, చివరిసారి దేనికి ఒప్పుకుని సంతకం పెట్టారో అదే. పోస్ట్‌మ్యాన్ దగ్గర పాత చిరునామా ఉన్నట్టు, మీరు ఎప్పుడో కాలేజీలో చేరినప్పుడు తెరిచి మరిచిపోయిన ఖాతాకు డబ్బు వెళ్లిపోతుంది. ఆ ఖాతా మూసేసి ఉంటే తిరిగి వెనక్కి పోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో చూపేది) నొక్కితే ఏ బ్యాంకు ఉందో కనిపిస్తుంది. మార్చుకోవాలంటే కావాల్సిన బ్యాంకులో ఫారం ఇవ్వాలి. బ్యాంకులో పని తెమలకపోతే పోస్టాఫీసుకు వెళ్లి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో వేలిముద్రతో ఖాతా తెరుచుకోండి, సీడింగ్ కూడా అక్కడే చేయిస్తారు.

*ప్రశ్న: పుత్తూరు దగ్గర మామిడితోట, కొంచెం చెరకు. ఏడాదికి మూడున్నర లక్షలు మించి రాదు. మా అబ్బాయికి తిరుపతి ఐఐటీలో బీటెక్ సీటు వచ్చింది. బ్యాంకు మేనేజరు లోనుకు పొలం కాగితాలు పెట్టమంటున్నారు. పెట్టమంటారా?*

ముందుగా మీ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి అయ్యా. పొలం కాగితాలు బీరువాలోనే ఉంచండి.

అప్పు గురించి తర్వాత, ముందు ఫీజు తగ్గింపు గురించి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి రూ.2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది మొత్తం మాఫీ. ఇంటి ఆదాయం లక్షలోపయితే ఎవరికైనా మొత్తం మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల లోపయితే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే మీ ఆదాయానికి ట్యూషన్ ఏడాదికి దాదాపు రూ.67,000 అవుతుంది, హాస్టలు, భోజనం విడిగా. దీనికి కావాల్సింది తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. అడ్మిషన్ రోజుకు చేతిలో ఉండాలంటే ఇప్పుడే సచివాలయంలో అప్లై చేయండి.

ఆ మిగిలినదానికి అప్పు కావాలంటే పీఎం విద్యాలక్ష్మి ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చిన పిల్లలకు తాకట్టు లేకుండా, జామీను లేకుండా అప్పు ఇవ్వాలన్నదే ఆ పథకం. ఐఐటీలు అందులో ఉన్నాయి. ఏడున్నర లక్షల వరకు అప్పుకు 75 శాతం ప్రభుత్వం హామీ ఉంటుంది కాబట్టి బ్యాంకు భయపడాల్సిన పని లేదు. నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉండి సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదివే వాళ్లకు చదువుకునే కాలంలో వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. ఆ పైన ఎనిమిది లక్షల ఆదాయం దాకా పది లక్షల అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్లో చేసి, ఆ నంబరు చేతిలో పెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. అప్పటికీ పొలం కాగితాలు అడిగితే కారణం రాసివ్వమని అడగండి, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు రాయండి.

ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఇది చూసి మాకూ ఇంతే అనుకోవద్దు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి.

*ప్రశ్న: శ్రీకాళహస్తి. బీకాం పాసై రెండేళ్లు. వయసు 23. నాన్న ఆర్టీసీలో కండక్టర్. గ్రూప్స్‌కు చదువుతున్నాను. నిరుద్యోగ భృతి నెలకు రూ.3,000 ఎప్పుడు? పీఎం ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయొచ్చా? ఇంట్లో డబ్బు అడగాలంటే సిగ్గుగా ఉంది.*

నాయనా, చదువుకోవడానికి ఇంట్లో అడగడంలో సిగ్గు ఏముంది. నాన్నగారు ఇష్టపడే ఇస్తుంటారు. అయినా నీ బాధ నాకు అర్థమవుతుంది.

భృతి సంగతి: మన రాష్ట్రంలో 2018 అక్టోబరులో ముఖ్యమంత్రి యువనేస్తం కింద నెలకు రూ.1,000 ఇచ్చారు, తర్వాత రూ.2,000 చేశారు, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. రూ.3,000 అనేది 2024 ఎన్నికల హామీ. దానిమీద నెల ఖర్చు లెక్క వేసుకోకు. భృతికి రిజిస్ట్రేషన్ అంటూ వాట్సాప్‌లో తిరిగే లింకులు తెరవకు, ఏ పథకం మొదలైనా వార్డు సచివాలయానికి ఆ సమాచారం వస్తుంది.

పీఎం ఇంటర్న్‌షిప్ 2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైంది. 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు పెద్ద కంపెనీల్లో ఏడాది శిక్షణ, నెలకు రూ.5,000, చేరినప్పుడు ఒక్కసారి రూ.6,000. వయసు, చదువు నీకు సరిపోతాయి. కానీ తల్లిదండ్రుల్లో ఎవరైనా పర్మనెంటు ప్రభుత్వ ఉద్యోగి అయితే అనర్హులు. 2020 జనవరి 1 నుంచి మన ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులు. నాన్నగారు రెగ్యులర్ అయితే నీకు రాదు. అప్లై చేసి, ఎంపికై, చివర్లో తీసేస్తే మరింత బాధ, అందుకే ముందే చెబుతున్నాను.

నీకు వర్తించేవి వేరే ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్‌కు ఆదాయం, నాన్న ఉద్యోగం అడ్డు రావు. డిగ్రీ, డిప్లొమా వాళ్ల అప్రెంటిస్‌షిప్‌కు కేంద్రం నాట్స్ అనే పోర్టల్ ఉంది, దక్షిణాది బోర్డు చెన్నైలో ఉంటుంది. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది, బీకాం వాళ్లు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ రంగ బ్యాంకులు డిగ్రీ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నాయి. స్టేట్ బ్యాంకు 2023 నోటిఫికేషన్లో నెలకు రూ.15,000 ఇచ్చింది, వయసు 20 నుంచి 28. ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత స్థానిక భాష పరీక్ష ఉంటాయి. గ్రూప్స్‌కు చదువుతున్న నీకు ఆ పరీక్ష కష్టం కాదు. బ్యాంకు పనివేళలు అయ్యాక సాయంత్రం చదువుకోవచ్చు. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్ల ఉచిత కోచింగ్ నోటిఫికేషన్లు కూడా చూస్తుండు, వాటికి ఆదాయ పరిమితి ఉంటుంది కాబట్టి నాన్నగారి జీతం చీటీతో సరిచూసుకున్నాకే ఫారం నింపు. ఈ వారంలోనే నాట్స్‌లో నీ పేరు నమోదు చేసి, ఆ నంబరు నాకు రాయి. డిగ్రీ మెమోలోని పేరుతో ఆధార్ పేరు కలవకపోతే పోర్టల్ అక్కడే ఆపుతుంది, ముందు అది చూసుకో.